తప్పుడు వార్త పాకితే తప్పెవరిది: పంపినవారిదా, వేదికదా?

సిరాచుక్క:
"పంపేముందు ఒక్కసారి ఆలోచించండి" అని ఎక్కడ చూసినా ఇదే హితబోధ. నాకు దీంతో పేచీ ఉంది. ఒక్క నొక్కుతో వందలమందికి చేరే బటన్ పెట్టింది కంపెనీ, బుద్ధిగా ఉండాల్సింది మాత్రం మనమా? మనుషులు మారేదాకా ఆగడం కంటే బటన్ మార్చడం తేలిక. వాట్సాప్‌నే చూడండి. ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకూడదని 2019 జనవరిలో ప్రపంచమంతటా పరిమితి పెట్టింది. అప్పటికే ఐదు చేతులో అంతకన్నా ఎక్కువో మారివచ్చిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో ఇంకా బిగించింది. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ఆ తర్వాత ప్రకటించింది. ఆ కొద్ది వారాల్లో జనానికి వివేకం పెరిగిందా? వేలికి పని పెరిగింది, అంతే.

పాతతరం:
సిరాచుక్క గారూ, సగమే ఒప్పుకుంటాను. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 కథనాలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి, 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 1,500 మందిని చేరడానికి అబద్ధానికి పట్టిన సమయానికి దాదాపు ఆరు రెట్లు నిజానికి పట్టిందట. దీనికి కారణం బాట్లు, అంటే మనుషులు కాక ప్రోగ్రాములు నడిపే ఖాతాలు, అనుకుంటాం కదా, అవి నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే జోరుతో మోశాయి. తేడా తెచ్చింది మనుషులే. విడ్డూరమైన కబురు అందరికన్నా ముందు నేనే చెప్పాలన్న ఉబలాటాన్ని మనకు ఏ కంపెనీ నేర్పింది?

గోడమీద పిల్లి:
ఉబలాటం మనదే. దానికి మేత వేసిందెవరు? పోస్టుల వరస నిర్ణయించేటప్పుడు ఫేస్‌బుక్ 2017 నుంచి కొంతకాలం కోపం సహా ఎమోజీ స్పందనలకు లైక్ కన్నా ఐదు రెట్ల విలువ కట్టింది. 2021లో బయటికొచ్చిన అంతర్గత పత్రాల వల్ల ఆ సంగతి తెలిసింది. కోపానికి కట్టిన విలువను 2020లో సున్నా చేశారు గానీ, అప్పటిదాకా ఒక పోస్టుకు కోపం ముఖం పెట్టినవారంతా దాన్ని ఇంకొందరి కళ్లబడేలా చేసినవారే.

వడపోత:
అందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. అనుమానించడం వేరు, పరిశీలించడం వేరు. 2011లో ఐరీన్ తుపాను వేళ, ప్యూర్టోరికోలో వరద నీట మునిగిన రోడ్డు మీద కారు పక్కనే సొరచేప ఈదుతున్న ఫొటో ఒకటి తిరిగింది. ఆ సొరచేప దక్షిణాఫ్రికా తీరంలో ఒక చిన్న పడవను వెంబడిస్తూ ఫొటోలో పడింది. 2005లో ఒక పత్రికలో అచ్చయిన ఆ ఫొటోలోంచి దాన్ని కత్తిరించి రోడ్డు మీదికి తెచ్చారు. తర్వాత ఎక్కడ వరదొచ్చినా అదే చేప. 2017లో హ్యూస్టన్‌కూ వెళ్లింది. అప్పటికి తెలిసినవాళ్లకు అదో నవ్వులాట అయిపోయింది.

2022లో ఇయాన్ తుపాను వచ్చినప్పుడు, ఫ్లోరిడాలోని ఫోర్ట్ మైయర్స్‌లో వరద నీటిలో రెక్క పైకి తేలుతూ ఈదుతున్న పెద్ద చేప వీడియో వచ్చింది. "మళ్లీ మొదలెట్టారా" అని చాలామంది కొట్టిపారేశారు. తీరా అసలు వీడియోలో నమోదైన తేదీ, సమయం చూస్తే అది నిజమైనదేనని తేలింది. మోసపోనని బిగుసుకు కూర్చున్నవారే ఈసారి మోసపోయారు.

మరి పరిశీలించడం ఎలా? స్టాన్‌ఫర్డ్‌కు చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులకు, 25 మంది విద్యార్థులకు, 10 మంది నిజనిర్ధారకులకు కొన్ని వెబ్‌సైట్లు చూపించి, ఏది నమ్మదగినదో చెప్పమన్నారు. డాక్టరేట్లున్న చరిత్రకారుల్లో చాలామంది ఆ పేజీలోనే ఉండిపోయి దాని ముద్ర, పేరు, కింది ఆధారాల పట్టిక చూస్తూ తికమకపడ్డారు. నిజనిర్ధారకులు పేజీని సరిగా చదవకుండానే ఇంకో ట్యాబ్ తెరిచి, ఈ సంస్థ గురించి ఇతరులేమంటున్నారో చూశారు. వారికే తక్కువ సమయం పట్టింది. తప్పులూ వారివే తక్కువ.

సిరాచుక్క:
బాగుంది. కానీ రోజంతా ఫీడ్ తిప్పేవారిలో ఎందరు ఇంకో ట్యాబ్ తెరుస్తారు? అందుకే గుర్తుచేసే పని వేదికే చేయాలంటున్నా. తెరవని వ్యాసాన్ని పంచుకోబోతే "ముందు చదువుతారా?" అని అడగడం ట్విట్టర్ 2020లో పరీక్షించింది. ఆ మాట చూసినవారు వ్యాసాలు తెరవడం 40 శాతం పెరిగిందట.

పాతతరం:
తెరిచినంత మాత్రాన చదివినట్టా? అదీగాక, మీరు చెప్పిన 70, 40 రెండూ ఎవరు చెప్పిన అంకెలు? ఆ కంపెనీలే. ఊరూ పేరూ లేని ఫార్వర్డ్‌ను నమ్మొద్దంటూ కంపెనీ ప్రకటనను కళ్లకద్దుకుంటే ఎలాగండీ?

సిరాచుక్క:
ఒప్పుకున్నా. అందుకే లెక్కలు బయటివారి చేతికి రావాలి. ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టం అర్హత పొందిన పరిశోధకులకు సమాచారం ఇవ్వాలని అతిపెద్ద వేదికలను ఆదేశిస్తోంది. మిగతాచోట్లా అలాంటిదే అడగాలి.

వడపోత:
అడుగుదాం. కానీ వాట్సాప్ గ్రూపుల్లో సందేశాలకు ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. పంపినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేరు, ఉండాల్సిందీ అలాగే. అక్కడికి నిజనిర్ధారకుడూ రాలేడు, పరిశోధకుడూ రాలేడు. "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగాల్సింది గ్రూపులో ఉన్న సభ్యులే. అలా అడిగినవారిని మర్నాడే గ్రూపులోంచి తీసేసే అడ్మిన్ల సంగతి వేరే చర్చ, దాన్ని పిల్లి గారికి వదిలేస్తున్నా.