బక్రీద్ సెలవుల్లో మస్కట్ వెళ్తే ఏమన్నా చూడగలమా?

రాజంపేట_రేవతి:
మా ఆయన ఒమన్ రాజధాని మస్కట్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. 2027 వేసవి సెలవుల్లో నేనూ, ఇద్దరు పిల్లలూ విజిట్ వీసా మీద వెళ్దామనుకుంటున్నాం. ఆ ఏడు బక్రీద్ మే 16 ప్రాంతంలో వస్తుందట, ఆయనకి సెలవు కలిసొస్తుంది కాబట్టి అప్పుడైతేనే మాతో తిరగగలరు. కానీ మా తోడికోడలు మాత్రం పండక్కి వెళ్తే అన్నీ మూసేసి ఉంటాయి, వీధిలో నరమానవుడు కనపడడు అని ఒకటే భయపెడుతోంది. పైగా నెలవంకని బట్టి తేదీ మారుతుందంటున్నారు. టికెట్లు ముందే కొనేయొచ్చా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

మత్రా_మామయ్య:
కొనేయమ్మా, పండక్కి నాలుగు రోజుల ముందు దిగేలా చూసుకో. రంజాన్ పండగైతే ముందు రోజు రాత్రి దాకా ఎవరికీ తేలదు. బక్రీద్ అలా కాదు, జుల్‌హజ్ నెల మొదలైందని తెలిస్తే సరిగ్గా పదో రోజు పండగ, అంటే పది రోజుల ముందే తేదీ ఖాయం. ఒక్క సంగతి గుర్తుంచుకో, ఒమన్ తన నెలవంక తానే చూసుకుంటుంది. 2024లో సౌదీలో, దుబాయ్‌లో జూన్ 16న బక్రీద్ అయితే ఇక్కడ 17న చేశారు. దుబాయ్‌లో ఉన్న చుట్టాలు చెప్పిన తేదీ పట్టుకుని లెక్కలు వేసుకోవద్దు.

సెలవు జుల్‌హజ్ నెల 9 నుంచి 12 వరకు. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు కదా, 2027లో అవి పండక్కి ముందే పడుతున్నాయి, ఇక్కడ పండగ మే 17న వస్తే అన్నీ కలిపి ఆరు రోజులు రావచ్చు. మీ ఆయన ఆఫీసు పని కాబట్టి సరిపోయింది. సూపర్‌మార్కెట్లలో, హోటళ్లలో చేసే మనవాళ్లకి పండగ రోజుల్లోనే పని రెట్టింపు. వీసా పని మాత్రం సెలవులకి ముందే అయిపోవాలి, అప్పుడు వీసా కాగితాలు చూసే కంపెనీ పీఆర్వో ఫోన్ కూడా ఎత్తడు.

నిజామాబాద్_డ్రైవర్:
అక్కా, అన్నీ మూసేస్తారన్నది సగమే నిజం. పండగ రోజు పొద్దున నమాజు, తర్వాత ఇళ్లలో ఖుర్బానీ, సిటీ ఖాళీగానే ఉంటది. మస్కట్‌లో ఉండే ఒమానీలు చాలామంది సొంతూళ్లకు పోతరు, మన దగ్గర దసరాకి హైదరాబాద్ ఖాళీ అయినట్టే. సాయంత్రానికి మస్కట్ పాత రేవు మత్రాలో సముద్రం ఒడ్డున కుటుంబాలన్నీ బయటికొస్తయ్. రెండో రోజు నుంచి కష్టమంతా రద్దీతోనే. దుబాయ్, అబుదాబి బండ్లు బార్డర్ దాటి వరసగా వస్తయ్, నీళ్ల మడుగులుండే వాదీ షాబ్ లోయ దగ్గర కారు ఆపడానికి జాగా దొరకదు, హోటల్ రేట్లు పెంచేస్తరు. రూము ఇప్పుడే బుక్ చేసుకోండి, టికెట్ల కన్నా అదే ముఖ్యం.

అందరూ కోటలు, మసీదులు అంటరు గానీ నన్నడిగితే పండక్కి ముందు నిజ్వా అనే పాత ఊరి వైపు పోండి. హబ్తా అని పండగ సంత జరుగుతది, మేకలు, గొర్రెలు, ఒంటెలు, కత్తులు, పిల్లల బట్టలు, హల్వా, అన్నీ ఒక్క చోటే. మేకలను గుండ్రంగా తిప్పుతా వేలం వేస్తరు, బేరం నడుస్తుంటే చూడాలక్కా, టికెట్ పెట్టినా అంత తమాషా దొరకదు. పొద్దున్నే చేరుకోవాలి, ఎండెక్కితే అంతా సర్దేస్తరు. షువా అని మసాలా పట్టించిన మాంసం అరటాకుల్లో చుట్టి నేలలో తవ్విన పొయ్యిలో పెడతరు, ఒకట్రెండు రోజులకి తీస్తరు. మీ ఆయన ఆఫీసులో ఒమానీ దోస్తు ఎవరన్న పిలిస్తే మొహమాటపడకుండా పోండి.

సలాలా_సుజాత:
నేనైతే మేలో వద్దంటాను. నలభై డిగ్రీలు దాటుతుంది, పిల్లలతో పగలు బయట తిరగలేరు. దక్షిణాన ఉన్న మా సలాలాలో వానలు మొదలయ్యేది జూన్ 21 తర్వాత, అదీ దొరకదు. నవంబర్‌లో నేషనల్ డేకి రండి, చల్లగా ఉంటుంది, ఊరంతా తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ దీపాలు. ఇదివరకు నవంబర్ 18న చేసేవారు, 2025 నుంచి 20కి మార్చారు, పాత బ్లాగులు చూసి మోసపోవద్దు. సెలవు కూడా అదే తేదీన ఇస్తారని లేదు, వారాంతానికి కలిపి ఇస్తుంటారు.

రాజంపేట_రేవతి:
నవంబర్‌లో బడికి అన్ని రోజులు సెలవు ఎవరిస్తారు సుజాతక్కా 😀 మేలోనే కానిస్తాం. మస్కట్‌లో పెద్ద మసీదు (సుల్తాన్ ఖాబూస్ మసీదు) చూడాలని అత్తయ్య పదేపదే చెప్పారు, పండగ రోజుల్లో లోపలికి రానిస్తారా?

సలాలా_సుజాత:
మామూలుగా ముస్లింలు కానివాళ్లకి శనివారం నుంచి గురువారం దాకా ఉదయం 8 నుంచి 11 వరకే, శుక్రవారం ఉండదు. పండగ రోజుల మీద ఆశ పెట్టుకోకండి, దిగిన మర్నాడే చూసేయండి. మీరు తలమీద చున్నీ కప్పుకోవాలి, చేతులు మణికట్టు దాకా, కాళ్లు చీలమండ దాకా కనపడకూడదు. వాతావరణం గురించి మళ్లీ చెప్తున్నా, ఒక రాత్రి జబల్ అఖ్దర్ కొండ మీద ఉండేలా చూడండి, కింద మండిపోతున్నా పైన హాయిగా ఉంటుంది. చెక్‌పోస్ట్ దగ్గర మామూలు కార్లను పైకి వదలరు, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ బండి కావాలి, పండక్కి అవి కూడా ముందే అయిపోతాయి.