దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందా?

పాతబండి
మొన్న తిరుమల నుంచి దిగుతూ మా బావమరిది గేరు తీసి న్యూట్రల్ వేశాడు. నేనేమీ అనలేదు, ఇరవై ఏళ్లు నేనూ అదే చేశాను మరి. వెనక కూర్చున్న మా అబ్బాయి మాత్రం "అలాగైతే ఇంకా ఎక్కువ తాగుతుంది మామా" అన్నాడు. ఎవరిది కరెక్టు?

ఇంజెక్టర్
మీ అబ్బాయిదే. కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే పాత పరికరం) ఉన్న బండ్లు గేరులో దిగుతుంటే ఇంజన్ వేగంగా తిరిగి పెట్రోలు లాగేసేది. అప్పట్లో న్యూట్రల్ లాభమే. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లు వేరు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, బండిలోని కంప్యూటర్ ఇంజెక్టర్లు, అంటే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే గొట్టాలు, మూసేస్తుంది. ఆ కాసేపూ ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకూడదు కాబట్టి పెట్రోలు పోస్తూనే ఉండాలి. చిన్న కారైనా గంటకు అర లీటరు పైనే. తిరుమల దిగడానికి 40 నిమిషాలు, లెక్క వేసుకోండి.

టాక్సీవాలా
ఘాట్ సరే సార్. కొద్దిపాటి వాలు ఉన్న హైవే మీద? ఐదో గేరులో కాలు తీస్తే స్పీడు పడిపోతుంది, మళ్లీ తొక్కాలి. న్యూట్రల్‌లో అయితే బండి అలా జారిపోతూనే ఉంటుంది.

ఇంజెక్టర్
అక్కడ మీ మాటే నిజం కావచ్చు. అయినా నేను వెయ్యను, సడెన్‌గా ఎవరైనా అడ్డమొస్తే గేరు వెతుక్కోవాలి.

షెడ్డు మేస్త్రి
పెట్రోలు గొడవేగానీ బ్రేకుల మాట ఎవరూ ఎత్తరేం? న్యూట్రల్‌లో దిగితే బరువంతా బ్రేకుల మీదే. అవి కాగిపోతే ఎంత తొక్కినా పట్టవు. కొందరు ఏకంగా ఇంజనే ఆపేస్తారు! రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. రెండో గేరులో దిగండి.
మైలేజీ కావాలంటే ముందు గాలి చూసుకోండి. 32 ఉండాల్సిన టైర్లు 24తో వస్తుంటాయి నా దగ్గరికి. పొద్దున్నే, టైరు వేడెక్కకముందు చూడాలి.

టాక్సీవాలా
నేను 40 కొట్టిస్తా మేస్త్రీ, మైలేజీ కోసం.

షెడ్డు మేస్త్రి
టైరు మధ్యలో అరిగిపోతుంది. బంకులో మిగిల్చింది టైర్ల షాపులో కడతావు. డోరు దగ్గర స్టిక్కర్ ఉంటుంది చూడు, అందులో ఉన్నంతే కొట్టించు.

పాతబండి
ఇదంతా మా బావమరిదికి చదివి వినిపించాను. "మీవాడు ఇంజనీరింగ్‌లో చేరకముందు బండ్లు బాగానే నడిచేవి" అంటున్నాడు. ఈసారి కొండ దిగేటప్పుడు స్టీరింగ్ నాదే.