గ్రీన్ పీతలకు ఫుకుయి బోనా, మిన్నో బోనా?

ఉప్పుటేరు: వాషింగ్టన్ రాష్ట్రంలో, విల్లాపా బే లాంటి బురద తీరంలో బయటి నుంచి వచ్చి పాతుకుపోయిన యూరోపియన్ గ్రీన్ పీతలను తగ్గించాలి. అనుమతి ఉంది. ఫుకుయి బోన్లు చాలా, మిన్నో బోన్లు కూడా కావాలా? డంజెనెస్ (అక్కడ తినడానికి పట్టే స్థానిక పీత) బుట్టలు పనికొస్తాయా?

పోటుపాటు: డంజెనెస్ బుట్టలు వద్దు. చిన్న పీతలు బయటపడాలని వాటికి 4¼ అంగుళాల రింగులు పెట్టాలన్నది అక్కడి నిబంధన. గ్రీన్ పీత ఎంత ముదిరినా డిప్ప వెడల్పు 4 అంగుళాలే. ఎర తినేసి అదే దారిన పోతుంది.

ఫుకుయి అంటే మడిచే పెట్టె, 60×45×20 సెం.మీ., వల కన్ను అర అంగుళం, అటూ ఇటూ చీలిక లాంటి వాకిలి. పెద్దవాటికి ఇదే మేలు. గోరంత పిల్లలు మాత్రం కన్నుల్లోంచి జారిపోతాయి. మిన్నో అంటే చిన్న చేపల బోను, దాని కన్ను పావు అంగుళం, అందులో అవి ఆగుతాయి. కొన్నప్పుడు దాని నోరు ఇరుకు, 2 అంగుళాలకు పెంచి తీగ మొనలు ఒంచెయ్యండి. రెండు రకాలూ ఒకటి విడిచి ఒకటి, 10 మీటర్ల ఎడంలో పెట్టి మర్నాడు తీయండి.

ఎరకి మాకెరెల్ చేప ముక్కలు, చిల్లుల డబ్బాలో. విడిగా వేస్తే ముందొచ్చిన పీతే ఊడ్చేస్తుంది, వాసన ఆగిపోతుంది. ఆటుకి కూడా బోనులో కాస్త నీళ్లు నిలిచే గుంట చూసుకోండి. పూర్తిగా ఆరితే లోపల పడ్డ చేపలు చస్తాయి. నీటికుక్కలు తిరిగే చోట వాకిలిని ప్లాస్టిక్ టైలతో ఇరుకు చెయ్యాలి.

జాలరి: పెద్దవాటినే ఏరితే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని సీడ్రిఫ్ట్ లగూన్ చూపించింది. 2009 నుంచి 2013 దాకా పట్టి, 1,25,000 పీతలను 10,000 లోపుకి దించారు. 2014లో అవి దాదాపు 3,00,000 అయ్యాయి! ముదురు పీతలు తమ పిల్లలనే తింటాయి. ముదుర్లు పోవడంతో పిల్లలకు అడ్డే లేకపోయింది. అందుకే మిన్నోలు మానకండి. పూర్తిగా తుడిచేయడం కాక, ఈల్‌గ్రాస్‌కీ (సముద్రపు గడ్డి) చిన్న ఆల్చిప్పలకీ హాని జరగనంత తక్కువలో, ఏటేటా, ఉంచడమే లక్ష్యంగా పెట్టుకోండి. డిప్ప వెడల్పు కొలిచి, వంద బోన్లకు ఎన్ని పడ్డాయో రాయండి. వెడల్పు తగ్గుతూ సంఖ్య పెరుగుతుంటే పిల్లలు విజృంభిస్తున్నట్టే.

ఉప్పుటేరు: స్థానిక పీతతో పొరబడకుండా ఎలా?

పోటుపాటు: రంగు నమ్మకండి, గ్రీన్ పీత ఎర్రగానూ ఉంటుంది. కంటికి బయటి వైపు డిప్ప అంచున ముళ్లు లెక్కపెట్టండి: ఒక్కో పక్క సరిగ్గా 5.