ఇంట్లో నారుకి గ్రో టెంట్ కొనాలా, ట్యూబ్‌లైట్ల షెల్ఫ్ చాలా?

ఎడిసన్_కొత్తతోట
న్యూజెర్సీలో సింగిల్ బెడ్‌రూం అపార్ట్‌మెంట్. మే రెండో వారంలో బాల్కనీ కుండీల్లోకి మార్చేలా మిరప, వంగ, టమాటా, గోంగూర, బీర నారు ఇంట్లోనే పెంచాలి. అన్నీ కలిపి 40 మొక్కలు దాటవు. ఉన్న చోటల్లా 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు క్లోజెట్ (గోడ అల్మరా) ఒకటి, దక్షిణం వైపు కిటికీ ఒకటి. కిటికీ చాలని కొందరు, 2×2 అడుగుల గ్రో టెంట్ (మొక్కలు పెంచే చిన్న గుడారం), 100 వాట్ల బోర్డు లైటు (చదునైన పలక మీద ఎల్ఈడీలు అమర్చినది) లేకుండా మొదలుపెట్టొద్దని కొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ట్యూబ్‌లైట్_బ్యాచ్
టెంట్ డబ్బులు దండగండి. నారుకి కావాల్సింది పూత తెప్పించే లైటు కాదు, మెడ సాగకుండా ఆపే లైటు. మీ క్లోజెట్‌లో 4 అడుగుల షాప్ లైటు పట్టదు, 2 అడుగుల ఎల్ఈడీ ట్యూబులు తీసుకోండి. ఒక్కోటి 10 వాట్లు, దాదాపు 1000 ల్యూమెన్ల వెలుగు. 10×20 అంగుళాల ట్రేలు రెండు పక్కపక్కన పెడితే వాటి మీద నాలుగు ట్యూబులు ఉండాలి, ఆరు ఉంటే ఇంకా నయం. రంగు 4000 నుంచి 6500 కెల్విన్ మధ్య ఏదైనా సరే, మొక్క పేచీ పెట్టదు. ఆకు కొసకీ ట్యూబుకీ మధ్య 3, 4 అంగుళాలు మించకూడదు. అందుకే లైటుని గొలుసుతో వేలాడదీసి, మొక్క పెరిగేకొద్దీ పైకి లాగాలి. టైమరు పెట్టి రోజుకి 16 గంటలు. ఆరు ట్యూబులకి రోజుకి ఒక యూనిట్ కరెంటు కూడా కాలదు.

కిటికీ మాట మరిచిపోండి. మార్చిలో ఎండ ఒక పక్క నుంచే వస్తుంది, అది కూడా కొన్ని గంటలే. రాత్రి అద్దం పక్కన చలికి మిరప మొలక బిగుసుకుపోతుంది.

లక్స్_లెక్క
కిటికీ విషయంలో ఒప్పుకుంటా, ట్యూబుల విషయంలో కాదు. లెక్క చూడండి. నారు దిట్టంగా రావాలంటే ఆకు మీద 150 నుంచి 250 మైక్రోమోల్స్ (మొక్క వాడుకునే వెలుగుకి కొలత) వెలుగు పడాలి. తెల్ల ఎల్ఈడీకి ఒక మైక్రోమోల్ అంటే సుమారు 70 లక్స్ (మన కంటికి కనబడే వెలుగుకి కొలత), అంటే 10 వేల నుంచి 17 వేల లక్స్. రెండు ట్రేల మీద నాలుగు ట్యూబులు పెడితే, పక్కలకి పోయేది పోగా అతికష్టం మీద 10 వేలు. మధ్యలో మొక్క బాగుంటుంది, అంచుల్లో ఉన్నది లోపలికి వంగుతుంది. పైగా మిరప 2 అంగుళాలు, టమాటా 5 అంగుళాలు ఉన్న రోజున లైటు ఏ ఎత్తులో కడతారు?

మంచి 100 వాట్ల బోర్డు, డిమ్మర్ (వెలుగు తగ్గించే మీట) ఉన్నది ఒకటి చాలు. 18 అంగుళాల ఎత్తున కట్టి 30 శాతంలో మొదలుపెడితే రెండు ట్రేలకీ 200 మైక్రోమోల్స్‌కి అటూఇటూగా సమానంగా పడుతుంది. ఎత్తులో మూడంగుళాల తేడా అప్పుడు లెక్కలోకి రాదు. ఒక్క హెచ్చరిక: కొత్తవాళ్లు డబ్బులు పెట్టాం కదా అని 100 శాతంలో పెడతారు. బీజదళాలు (మొలకకి మొదట వచ్చే రెండాకులు) తెల్లబారి, ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటాయి. దాన్ని నీళ్ల కొరత అనుకుని ఇంకా పోస్తారు, అక్కడితో సరి.

మిషిగన్_వంగ
టెంట్‌ని ఇద్దరూ తీసిపారేశారు కాబట్టి దాని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. చలికాలం హీటర్ నడిచే ఇంట్లో గాలిలో తేమ 25, 30 శాతానికి పడిపోతుంది. ట్రేలోని చిన్న గడుల్లో మట్టి పూటకే ఎండుతుంది, మిరప మొలక గింజ తొక్కని విదిలించుకోలేక టోపీ పెట్టుకుని నిలబడుతుంది. టెంట్ లోపల 55, 60 శాతం సులువుగా నిలుస్తుంది. సింగిల్ బెడ్‌రూంలో రోజుకి 16 గంటలు వెలిగే లైటు అంటే నిద్ర సంగతి కూడా ఆలోచించాలి. ఇంట్లో పిల్లి ఉంటే ఇక వాదనే అక్కర్లేదు.

ట్యూబ్‌లైట్_బ్యాచ్
వంగగారూ, 60 శాతం తేమ, కదలని గాలి, 26 డిగ్రీల వెచ్చదనం. మీరు చెప్పింది నారుకుళ్ళు తెగులుకి వేసిన పందిరి. టెంట్ కొన్నవాళ్లు 4 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యానూ కొనాలి, దాన్ని నడిపితే తేమ మళ్లీ గదిలో ఉన్నంతే అవుతుంది. ఇక మిగిలిందేమిటి? పిల్లి ఒక్కటే. లైటు బయటికి రాకుండా క్లోజెట్ తలుపు ఎలాగూ ఉంది, నాలుగంగుళాలు తెరిచి ఉంచితే గాలీ ఆడుతుంది.

మిషిగన్_వంగ
ఫ్యాను నిదానంగా నడిపితే ఆ మాట నిలవదు. సగం వేగంలో పెట్టి, కింద గాలి తూము తెరిస్తే తేమ 45 దగ్గర ఆగుతుంది. నారుకుళ్ళు తేమగాలి వల్ల మాత్రమే రాదు, మట్టి పైపొర ఎప్పుడూ తడిగా ఉండటం వల్ల వస్తుంది. పిథియం, రైజోక్టోనియా అనే తెగులు సూక్ష్మజీవులు రెండూ నేల మట్టంలో కాండాన్ని కొరికినట్టు నొక్కేస్తాయి, సాయంత్రం నిలబడ్డ మొక్క పొద్దున్నకి పడుకుంటుంది. ఆ గడిని పీకి పారేయడం తప్ప మందు లేదు. పక్క గడులని కాపాడాలంటే నీళ్లు పైనుంచి పోయకూడదు. ట్రే అడుగున అర అంగుళం నీళ్లు పోసి, 20 నిమిషాల తర్వాత మిగిలింది వంచేయాలి. ట్రే ఎత్తి చూసి, బరువు తగ్గితేనే మళ్లీ.

మిద్దెతోట_ఉప్పల్
హైదరాబాద్‌లో మాకు ఈ లైట్ల గొడవే లేదు. 98 గడుల ప్రోట్రే, 50 శాతం షేడ్‌నెట్, తెల్లదోమ రాకుండా 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) వల. అంతే. కానీ మీ చర్చంతా లైటు చుట్టూనే తిరుగుతోంది, మట్టి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎంత మంచి లైటు కింద పెట్టినా ఉప్పు కడగని కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) మిరప మొలవగానే ఆకు కొసలు మాడతాయి. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక నానితే 8, 9 లీటర్లు అవుతుంది. రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాలి. అందులో రెండు పాళ్లకి ఒక పాలు జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు, ఒక పాలు పెర్లైటు (తేలికైన తెల్ల రాతి గుళ్లు). మొత్తం వర్మీకంపోస్టులోనే గింజ వేసేవాళ్లున్నారు, బలం ఎక్కువవుతుందని. మొలకకి బలం అక్కర్లేదు, గింజలోనే ఉంటుంది.

లక్స్_లెక్క
ఉప్పల్ గారి మాటకి ఒక చిన్న సవరణ. ఇంటి లోపల వర్మీకంపోస్టు అంటే చిన్న నల్ల దోమలకి పెళ్లిపిలుపు. బయట మిద్దె మీద సరే, అపార్ట్‌మెంట్‌లో మాత్రం ఇక్కడ దొరికే పీట్ రకం సీడ్ స్టార్టింగ్ మిక్స్ (గింజలు మొలిపించే మిశ్రమం) వాడి, రెండో జత అసలు ఆకులు వచ్చాక లీటరుకి అర గ్రాము 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లది) వారానికోసారి ఇస్తే చాలు. దోమలు అప్పటికే వస్తే పసుపు జిగురు అట్టలు పెద్దవాటిని పడతాయి, మట్టిలో పిల్లపురుగులకి బీటీఐ (వాటిని చంపే బాక్టీరియా) కలిపిన నీళ్లు. వాటర్ సాఫ్ట్‌నర్ (నీటి గరుకుతనం తీసే యంత్రం) నుంచి వచ్చే నీళ్లు మాత్రం వద్దు, అందులో సోడియం ఉంటుంది.

గోంగూర_డల్లాస్
లైటు కొనేవాళ్లకి ఒక మాట: తక్కువ ధరకి దొరికే ఊదారంగు లైట్ల డబ్బా మీద 1000 వాట్లని రాసి ఉంటుంది. అది లాగే కరెంటు వందకి అటూఇటూ, క్లిప్పు పెట్టుకునే రకమైతే ఇరవై కూడా కాదు. ‘వాడే వాట్లు’ ఎంతో చూసి కొనండి. ఆ రంగులో మొక్క పెరగదని కాదు, ఆకు పచ్చగా ఉందో పసుపు తిరిగిందో మీకు కనబడదు. (ఊదా వెలుగులో చీలిన గోంగూరాకులు కిటికీలోంచి కనబడితే పక్కింటివాళ్లు గంజాయి అనుకుంటారని వేరే చెప్పాలా.)

ఇంకొకటి. అన్నీ ఒకే రోజు నాటకండి. మే రెండో వారానికి బయట పెట్టాలంటే మిరప, వంగ మార్చి మొదటి వారం, టమాటా మార్చి చివర, గోంగూర ఏప్రిల్ నడిమి. బీర ఏప్రిల్ 20 తర్వాతే, అదీ ట్రేలో కాదు, 3 అంగుళాల కప్పులో నేరుగా. వేరు కదిలితే బీర అలుగుతుంది. ఇలా వరసగా వేస్తే 40 మొక్కలూ ఒకేసారి లైటు కింద చోటడగవు. గోంగూరకి 16 గంటల వెలుగులో భయం లేదు, పగలు పొట్టిదైతేనే అది పూతకి తిరుగుతుంది.

ఎడిసన్_కొత్తతోట
అందరికీ థాంక్సండి. టెంట్ వద్దనుకున్నా. ట్యూబులా, బోర్డా అనేది తేలలేదు. ట్రే కింద వేసే హీట్ మ్యాట్ (వేడినిచ్చే చాప) తప్పదా?

ట్యూబ్‌లైట్_బ్యాచ్
మిరప, వంగలకి తప్పదు. మట్టి 27 నుంచి 30 డిగ్రీలుంటే మిరప 7 నుంచి 14 రోజుల్లో మొలుస్తుంది. 18 డిగ్రీల్లో మూడు వారాలు దాటినా చప్పుడుండదు, ఈలోపు గింజ కుళ్లొచ్చు. 20 వాట్ల మ్యాట్ ఒక ట్రేకి సరిపోతుంది. థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే పరికరం) మొన మట్టిలోకి దిగాలి, గాలిలో వేలాడితే మ్యాట్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. సగం గింజలు మొలవగానే ట్రే మీది మూతా తీయాలి, మ్యాటూ తీయాలి. వెచ్చదనం ఎక్కువై వెలుగు తక్కువైతే మొక్క దారంలా సాగుతుంది. టమాటా సాగితే బీజదళాల దాకా పూడ్చి మళ్లీ నాటొచ్చు, కాండం నుంచి వేళ్లు వేస్తుంది. మిరప విషయంలో ఆ ఉపాయం పెద్దగా పనిచేయదు.

ట్యూబులే తీసుకోండి.

లక్స్_లెక్క
మే నెల తర్వాత ఆ లైటుతో ఇంకేమైనా చేస్తారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. చలికాలంలో లోపల కరివేపాకుని బతికించాలనుకుంటే బోర్డు. నారు తప్ప ఏమీ వద్దనుకుంటే ఆరు ట్యూబులు, నాలుగు కాదు. ట్రేలని రెండు రోజులకోసారి తిప్పుతూ అంచు మొక్కలని మధ్యకి తేవాలి.

మిషిగన్_వంగ
ఏ లైటైనా ఒక చిన్న ఫ్యాను ఆకులు కొద్దిగా కదిలేంత పెట్టండి, కాండం గట్టిపడుతుంది. బయట పెట్టేముందు వారం, పది రోజులు అలవాటు చేయాలి. మొదటి రోజు నీడలో గంట, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ పొద్దుటి ఎండలోకి. క్లోజెట్ లోంచి తీసి సరాసరి మే ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నంలో ఆకులు కాగితంలా తెల్లబడతాయి. రాత్రి 12 డిగ్రీల కన్నా తగ్గుతుందంటే మిరప, వంగలని లోపలికి తెచ్చేయండి, టమాటా ఒకటి రెండు డిగ్రీలు తక్కువకీ ఓర్చుకుంటుంది.