యాక్సిడెంట్ కేసుకు మంచి వకీలు అని ఎట్లా తెలుస్తుంది?

చిట్యాల శ్రీను:
65 హైవే మీద కారు గుద్ది మా బాపు కాలు విరిగింది. ఎఫ్ఐఆర్ అయింది. దవాఖానకే ఒకాయన వచ్చి "మా వకీలుకు ఇవ్వండి, ముందు పైసా వద్దు, వచ్చినదాంట్లో 30 శాతం" అంటున్నాడు. ఆ వకీలు గురించి ఎట్లా తెలుసుకోవాలి? కారు హైదరాబాద్‌ది, కేసు అక్కడ వేయాలా?

నకిరేకల్ సరిత:
తమ్మీ, దవాఖాన మంచం దగ్గరికి వచ్చినవాడిని నమ్మకు. మా బావతో ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకున్నారు. పైసలు పడ్డ రోజే సగం పోయాయి. ఆ వకీలు ముఖం మేము ఒక్కసారి కూడా చూడలేదు.

పాలమూరు రమేష్:
30 ఎక్కువే, కానీ అందరినీ ఒకే గాటన కట్టొద్దు. జడ్చర్ల దగ్గర మా తమ్ముడు పోయినప్పుడు ఇంట్లో రూపాయి లేదు. వకీలు సారు సొంత ఖర్చుతో కేసు నడిపాడు. 20 శాతం సంతోషంగా ఇచ్చాం.

రిటైర్డ్ గుమాస్తా:
శాతం మాట్లాడుకోవడమే తప్పు. గెలిస్తే ఇంత అని ఫీజు ఒప్పుకోవడం, పరిహారంలో వాటా అడగడం వకీళ్లను నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. సర్వీసంతా ఎంవీఓపీలు, అంటే యాక్సిడెంట్ పరిహారం పిటిషన్లు, రాసినవాణ్ని, నాకు తెలుసు.

పాలమూరు రమేష్:
నియమం చెప్పడం సులువు సారూ. తమ్ముడి శవం ఇంట్లో ఉంటే ఫీజు ఎక్కడి నుంచి తేవాలి?

రిటైర్డ్ గుమాస్తా:
జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎందుకుంది? 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మీ మరదలు అడిగితే వచ్చేది.

పాలమూరు రమేష్:
మా మరదలు ఊసెత్తకండి. అప్పుడు ఒక్కరూ చెప్పలేదు.

సూర్యాపేట కిరణ్:
ఫీజు గొడవ ఆపండి. శ్రీనూ, హైదరాబాద్ పోనక్కర్లేదు, మీరు ఉండే చోటి యాక్సిడెంట్ పరిహారం ట్రిబ్యునల్ (ఈ కేసులు చూసే కోర్టు) అంటే నల్లగొండలోనే వేయొచ్చు. ఈ-కోర్ట్స్ అనే కోర్టుల వెబ్‌సైట్‌లో వకీలు పేరు కొడితే ఆయన కేసులు వస్తాయి. ఎన్ని ఎంవీఓపీలు తీర్పు దాకా పోయాయి, ఎన్ని హాజరు లేక కొట్టేశారు, చూడు. 2022 ఏప్రిల్ 1 తర్వాతి ప్రమాదాలకు కేసు వేయడానికి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోందని ఎవరన్నా చెప్తే ఆగకు, గడువులోనే వేయి.

రిటైర్డ్ గుమాస్తా:
పరిహారం లెక్క నేను చెప్తా. 38 ఏళ్ల మనిషి, సొంత పని, నెలకు 15,000. భవిష్యత్ పెరుగుదల 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. ఆధారపడ్డవాళ్లు నలుగురైతే సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేసి, ఆ వయసుకు పెట్టిన 15తో గుణిస్తే 28,35,000. సరళా వర్మ, ప్రణయ్ సేథీ కేసుల్లో సుప్రీంకోర్టు తీర్పుల లెక్క ఇది.

నకిరేకల్ సరిత:
అది చనిపోయినవాళ్ల లెక్క సారూ! ఆయన బాపు బతికే ఉన్నాడు. ఆ మాట ఎందుకు తెస్తారు?

షాద్‌నగర్ యాదగిరి:
హెల్మెట్ ఉందా? లేకుంటే మీ నిర్లక్ష్యం కూడా ఉందని ఇన్సూరెన్స్ వాళ్లు వాదిస్తారు. మా 44 హైవే మీద అదే జరిగింది.

చిట్యాల శ్రీను:
బాపు నడుస్తూ పోతున్నాడు, హెల్మెట్ ఎందుకన్నా? తాపీ మేస్త్రీ, ఇక గోడ ఎక్కలేడు. డాక్టరు 30 శాతం వైకల్యం అంటున్నాడు.

సూర్యాపేట కిరణ్:
ఆ 30 దగ్గరే ఆగొద్దు. కాలికి ఎంత శాతం అన్నది కాదు, ఆ పని మీద సంపాదన ఎంత పోయిందన్నది చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. మేస్త్రీకి కాలు ఆడకపోతే నష్టం ఎక్కువ. దీని మీద డాక్టరుతో సాక్ష్యం ఇప్పిస్తావా అని వకీలును అడుగు. ఒరిజినల్ బిల్లులు ఇచ్చే ముందు అన్నీ జిరాక్స్ తీసి, తీసుకున్నట్టు రాయించుకో.