ఆక్సాలిప్లాటిన్ ఆపి 4 నెలలైనా పెరుగుతున్న తిమ్మిరి

నాన్నకు 62 ఏళ్లు, పెద్దపేగు క్యాన్సర్. కేపాక్స్ అనే కీమో కోర్సులో ఆక్సాలిప్లాటిన్ మందును ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 130 మి.గ్రా. చొప్పున ఇచ్చి, 6వ సైకిల్ తర్వాత ఆపేశారు. మొదట్లో చన్నీళ్లు తగిలితే వేళ్లు జివ్వుమనేవి, నాలుగైదు రోజుల్లో సర్దుకునేది. ఇప్పటిది వేరు. ఆపి 4 నెలలైంది, తిమ్మిరి అరికాళ్ల నుంచి చీలమండల దాకా పాకింది. చొక్కా గుండీలు పెట్టుకోలేరు, కాలి నుంచి చెప్పు జారినా తెలియదు. ఆపాక కూడా కొన్నాళ్లు ముదరడం ఈ మందుకు మామూలేనని తెలుసు.

బి12, షుగర్, థైరాయిడ్ నార్మల్. నరాల నొప్పికి గాబాపెంటిన్ 300 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, 6 వారాలు వాడితే మత్తే మిగిలింది. అదే నొప్పికి డులోక్సెటిన్ మొదటి వారం రోజుకు 30, తర్వాత 60 మి.గ్రా.; 5 వారాలకు మంట సగం తగ్గింది, మొద్దుబారడం మాత్రం అలాగే ఉంది.

ఆక్సాలిప్లాటిన్ వాడినవారికి, ఆపిన ఎన్నో నెల నుంచి ఈ మొద్దుబారడం తగ్గడం మొదలైంది?