లూకా 14:28లో 'తగులుబడి' అంటే ఏమిటి?

ప్రశ్న: "ఒక గోపురము కట్టింప గోరినయెడల... కూర్చుండి మొదట తగులుబడి లెక్కచూచుకొనడా?" ఇందులో తగులుబడి అంటే నష్టమా, ఖర్చా? పొదుపు, ఇన్సూరెన్స్, పెట్టుబడి ఇవన్నీ దేవుని మీద నమ్మకం లేకనే అంటాడు నా స్నేహితుడు. అతనికి ఈ వచనం చూపించవచ్చా?

జవాబు 1: ఖర్చేనండీ. ఒక పని పూర్తి కావడానికి పట్టే మొత్తం. పెట్టుబడి, రాబడి, దిగుబడి ఉన్న వరుసలోదే. అవి నిలిచాయి, ఇది వాడుకలో దాదాపు కనిపించదు. మూలంలోని గ్రీకు మాట 'దపానే'కీ ఖర్చనే అర్థం. 'లెక్కచూచు' అన్నచోట ఉన్న క్రియ గులకరాయి అనే మాట నుంచి పుట్టింది. అప్పట్లో రాళ్లు పెట్టి లెక్క కట్టేవారు.

ఈ మాట మళ్లీ వాడుకలోకి రావాలని నాకు చాలా కోరిక. రాబడి ఎంత అని అందరూ అడుగుతారు, తగులుబడి ఎంత అని అడిగేవారు తక్కువ. లక్ష మీద ఏటా 8 శాతం చొప్పున చక్రవడ్డీ వస్తే 30 ఏళ్లకు సుమారు 10 లక్షలు. ఫీజు కింద 1 శాతం పోయి 7 శాతమే మిగిలితే 7.6 లక్షలు. పన్ను, మధ్యలో తీస్తే పడే కోత దీనికి అదనం.

జవాబు 2: అర్థం సరే. కానీ అన్నా, ఈ ఒక్క వచనం పట్టుకుని వాదించవద్దు. యేసు అక్కడ పెట్టుబడి గురించి చెప్పడం లేదు, శిష్యుడు కావడానికి అయ్యే ఖర్చు గురించి చెబుతున్నాడు. 33వ వచనంలో, తనకు కలిగినదంతా విడిచిపెట్టనివాడు నా శిష్యుడు కానేరడు అంటాడు. లూకా 12లోని ధనవంతుడు కూడా లెక్క వేసినవాడే. పాత ధాన్యపు కొట్లు విప్పి పెద్దవి కట్టాలనుకున్నాడు. అతని లెక్కలో దేవుడూ లేడు, పొరుగువాడూ లేడు. నా మట్టుకు, ఇవ్వవలసినది ముందే పక్కన పెట్టకుండా వేసిన బడ్జెట్ క్రైస్తవ బడ్జెట్ కాదు.

జవాబు 1: ఒప్పుకుంటాను. అయినా బుద్ధి ఉన్నవాడు ముందు లెక్క చూసుకుంటాడన్నది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు యేసు అడిగాడు. కాబట్టి లెక్క చూడటం అవిశ్వాసమని మాత్రం అనలేం.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. మరి అదే వచనంలో 'కొనసాగించుట' అంటే ఆపకుండా చేయడమేనా?

జవాబు 1: కాదండీ, అక్కడ ముగించడం. కొన అంటే చివర, చివరిదాకా సాగించడం. హెబ్రీ 12:2లో యేసును విశ్వాసమునకు కర్త, దానిని కొనసాగించువాడు అన్నదీ ఈ అర్థంలోనే.